రణంకుడుపు తిన్న దేవత

(నల్లగొండ–పాలమూరు చరిత్ర దారులు: 17వ భాగం)

గత భాగంలో రేచర్ల సింగమనాయకుడు జల్లిపల్లి కోట దగ్గర కఠారిపోటుకు పడిపోయేదాకా వచ్చాం. చెరలో ఉన్న తన బంధువును విడిపించబోయి ఆయన క్షత్రియ దొరల పన్నాగానికి బలయ్యాడు. ఇది 1361 ప్రాంతపు సంగతి. ఆయన కొడుకులు అనపోతానాయకుడు, మాదానాయకుడు ఊరుకోలేదు. దండెత్తి వెళ్లి కోటను ముట్టడించి, తండ్రిని చంపినవాళ్లను తెగటార్చారు. రాచకొండ, దేవరకొండ రాజ్యాలకు పునాది వేసిన అన్నదమ్ములు వీళ్లే. ఆ పునాదిలో పగ కూడా ఉంది.

గెలిచాక వాళ్లు చేసిన పనికి వెలుగోటివారి వంశావళిలో ఒక పేరుంది: రణంకుడుపు. చచ్చినవాళ్ల నెత్తుటితో అన్నం కలిపి, ఆ యుద్ధభూమిలోనే రణదేవతకూ ఆమె వెంట ఉండే భూతగణాలకూ పెట్టడం ఈ తంతు. వంశావళి వెలమ దొరల పొగడ్త కోసం పుట్టిన గ్రంథం కాబట్టి అందులోని అంకెలనూ వీరాలాపాలనూ యథాతథంగా నమ్మనక్కర్లేదు. తంతు సంగతి వేరు. అలాంటి ఆచారం నిజంగా ఉంటేనే పొగిడేవాడు దాన్ని గొప్పగా చెప్పుకుంటాడు, వినేవాళ్లు తలూపుతారు.

ఇంతకీ ఆ కుడుపు తిన్న దేవత ఎవరు? అనపోతానాయకుడి బిరుదొకటి మనకు దారి చూపిస్తుంది. ఆయన్ని సోమకుల పరశురాముడు అన్నారు. పురాణంలో జమదగ్నిని కార్తవీర్యుడి కొడుకులు చంపారు. కొడుకైన పరశురాముడు గొడ్డలి పట్టి క్షత్రియుల మీద పడ్డాడు. తండ్రిని క్షత్రియులు చంపడం, కొడుకు పగ తీర్చుకోవడం రెండు కథల్లోనూ ఒకటే గనుక బిరుదు సరిగ్గా అతికింది. మరి పరశురాముడి తల్లి రేణుక. తెలంగాణ పల్లె ఆమెను ఎల్లమ్మ అంటుంది, కవులు ఏకవీర అన్నారు. రాచకొండ సేనలు జల్లిపల్లి నేల మీద నెత్తుటికూడు పెట్టింది ఈమెకేనని శాసనమేదీ చెప్పదు. కానీ తనను పరశురాముడని పిలిపించుకున్న దొర మనసులో ఆ తల్లి లేకుండా ఎలా ఉంటుంది? నా నమ్మకం మాత్రం అటే మొగ్గుతుంది.

ఏకవీర అనే పేరు ఎక్కడ వినిపిస్తుందో చూడండి. ఓరుగల్లు దగ్గరి మొగిలిచర్లలో కాకతీయుల నాటి ఏకవీర గుడి ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరుతో చెలామణి అయ్యే క్రీడాభిరామంలో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ ఈ దేవత సన్నిధికీ వస్తారు. అక్కడ బవనీల గాయకుడు ఆమె ఎదుట నిలబడి పరశురాముడి కథలు పాడుతుంటాడు. కాకతీయులకు ఇంటిపేరునిచ్చిన కాకతమ్మకు ఏకవీర తోడునీడ అని కూడా ఆ కావ్యం చెబుతుంది. అంటే ఒక రాజవంశపు ఇలవేలుపు పక్కనే పల్లె గాయకుడి తల్లి కూర్చుంది. పైపేరు సంస్కృతంలో ఉన్నా పాడేవాడు మాత్రం అట్టడుగు కులంవాడు.

ఆ పాట ఇంకా ఆగలేదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బైండ్లవాళ్లు జమిడిక మోగిస్తూ రాత్రంతా ఎల్లమ్మ కథ చెబుతారు. తండ్రి ఆజ్ఞ మీద కొడుకు తల్లి తల నరకబోతాడు. ఆమె ప్రాణభయంతో మాదిగవాడలోకి పరుగెత్తి మాతంగిని పట్టుకుంటుంది. ఒక్క వేటుకు రెండు తలలూ తెగుతాయి. తిరిగి అతికించేటప్పుడు తలలు మారతాయి. ఆ మారిన తలతో, మారిన మొండెంతో ఇద్దరు దేవతలు పుడతారు. కవి వర్ణించే ఏకవీరకూ, బైండ్లాయన పాడే ఎల్లమ్మకూ మధ్య ఉన్న చుట్టరికం ఈ కథలోనే ఉంది. రేణుక తల ఎక్కడుంది, మొండెం ఎవరిది అనే ప్రశ్న ఊళ్లో పైకులాలకూ మాదిగవాడకూ మధ్య నలిగే ప్రశ్న కూడా.

కాసేపు మన నేల వదిలి చాలా దూరం వెళదాం. ఇప్పటి టర్కీ దేశంలో, పూర్వం కప్పడోకియా అన్న కొండసీమలో, కొమానా అనే పట్టణం ఉండేది. అక్కడి దేవత గురించి గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. ఆయన క్రీస్తుశకం మొదలయ్యే నాటివాడు, కొమానాలో స్వయంగా ఉండి వచ్చినవాడు. అక్కడి గుడి ఎన్యోదనీ, స్థానికులు మాత్రం ఆమెను మా అంటారనీ చెప్పాడు. ఎన్యో గ్రీకుల యుద్ధదేవత. హోమర్ ఇలియడ్‌లో ఆమె ఆరీస్ పక్కన పోరులో నడుస్తుంది. నగరాలు కూల్చే దేవతగా ఎథీనా సరసన ఆమె పేరూ వస్తుంది. ఎథీనాకు వ్యూహం, నేర్పు దక్కాయి. ఎన్యోకు మిగిలింది యుద్ధంలోని కేకలు, నెత్తురు. గ్రీకువాడు కొమానా తల్లిని చూడగానే ఎథీనా అనకుండా ఎన్యో అన్నాడంటే ఆ గుడిలో ఏం చూశాడో ఊహించుకోవచ్చు.

తర్వాత రోమన్లు వచ్చారు. వాళ్లకు లాటిన్‌లో బెల్లోనా అనే రణదేవత ముందే ఉంది. క్రీ.పూ. 88లో సుల్లా అనే సేనాని సొంత నగరమైన రోము మీదికే దండెత్తేటప్పుడు అతనికొక కల వచ్చిందని ప్లూటార్క్ రాశాడు. కప్పడోకియా నుంచి రోమన్లు నేర్చుకున్న దేవత వచ్చి అతని చేతికి పిడుగునిచ్చి, శత్రువులను ఒక్కొక్కరినీ పేరు పెట్టి చూపించి కొట్టమందట. ఆమె చంద్రుడికి అధిదేవతో, ఎథీనాయో, ఎన్యోయో తేల్చకుండా ప్లూటార్క్ వదిలేశాడు. ప్రజలు తేల్చుకున్నారు. మా, బెల్లోనా కలిసి మా-బెల్లోనా అయింది. ఆమె పూజారులు పూనకంలో తమ చేతులు తామే కోసుకుని ఆ నెత్తురు ఆమెకు సమర్పించేవారు. తెలుగునాట ఇలాంటివి లేవనుకునేవాళ్లు శ్రీశైలం వెళ్లి రెడ్డిరాజు అనవేముడు 1377లో కట్టించిన వీరశిరోమండపం గురించి తెలుసుకోవాలి. భక్తులు అక్కడ శివుడి ఎదుట తలలు, నాలుకలు కోసుకునేవారు.

ఇంగ్లీషువాళ్లకు ఈమె రెండు పేర్లతోనూ చేరింది. అలెగ్జాండర్ పోప్ 1715–1720 మధ్య ఇలియడ్‌ను ఇంగ్లీషు చేసినప్పుడు గ్రీకు కావ్యంలోని ఎన్యోను తీసేసి లాటిన్ బెల్లోనాను పెట్టాడు, ఎథీనాను మినర్వా చేశాడు. అప్పటి చదువుకున్న ఇంగ్లీషువాడికి గ్రీకు దేవతలు లాటిన్ పేర్లతోనే పరిచయం. గ్రీకు పేర్లు తర్వాతి తరాల్లో మళ్లీ నిలదొక్కుకున్నాయి. కొమానా కొండల్లో ఆమెను మా అని పిలిచినవాళ్ల పేరు మాత్రం పండితుల పుస్తకాల్లో మిగిలింది. గెలిచినవాడి భాషలో పేరు నిలిచింది, పూజించినవాడి పేరు అడుగున పడింది.

రోములో బెల్లోనా గుడి ఎక్కడ కట్టారన్నది మనకు ఇంకా ముఖ్యం. క్రీ.పూ. 296లో ఎట్రుస్కన్లతో, సామ్నైట్లతో యుద్ధం చేస్తూ అపియస్ క్లాడియస్ ఈ గుడి మొక్కుకున్నాడు. గుడిని నగరపు పవిత్రమైన ఎల్లకు అవతల కట్టారు. ఆయుధంతో ఉన్న సేనాని ఆ ఎల్ల దాటి లోపలికి రాకూడదు. అందుకే దండయాత్ర నుంచి వచ్చిన సేనానులనూ, పరాయి దేశాల రాయబారులనూ సెనేటు ఈ గుడిలో కలుసుకునేది. గుడి ముందు ఒక స్తంభం ఉండేది. దాని అవతలి కొంత నేలను శత్రుభూమిగా లెక్కగట్టారు. యుద్ధం ప్రకటించాలంటే పూజారి స్తంభం మీదుగా ఆ నేలలోకి ఈటె విసిరేవాడు. పిర్రస్ రాజుతో పోరు వచ్చినప్పుడు పట్టుబడ్డ అతని సైనికుడొకడితో ఆ నేల కొనిపించి, అది శత్రువుల సొత్తని ఖాయం చేశారని కథ. క్రీ.పూ. 82లో సుల్లా ఇదే గుడిలో సెనేటు ముందు మాట్లాడుతుంటే, దగ్గర్లోనే ఆరు వేల మంది బందీలను కోసి చంపుతున్న అరుపులు లోపలికి వినిపించాయట. జల్లిపల్లిలో నెత్తుటికూడు పెట్టించిన అన్నదమ్ములకు ఆ రోజు రోము పరాయిదిగా కనిపించేది కాదు.

ఒక హెచ్చరిక చెప్పి ముందుకు వెళతాను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల రాశి దొరికింది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో టైబీరియస్, ఫాస్టినాల పేర్లతో బంగారు నాణేలు దొరికాయి. వీటిని పట్టుకుని, బెల్లోనా అన్న ధ్వనిని ఎల్లమ్మ పక్కన పెట్టి, అమ్మ అక్కడినుంచి వచ్చిందనో ఇక్కడినుంచి వెళ్లిందనో కథలు అల్లడం తేలిక. దాన్ని నేను ఒప్పుకోను. బెల్లోనా అన్నది లాటిన్‌లో యుద్ధమనే మాట నుంచి పుట్టింది, దాని పాతరూపం డ్యుయెల్లోనా. వ్యాపారులు వెండి తెచ్చారు, మిరియాలూ బట్టలూ పట్టుకెళ్లారు. దేవతను తెచ్చినట్టు ఏ ఆధారమూ లేదు. రెండు చోట్లా ఒకేలాంటి పరిస్థితి ఒకేలాంటి తల్లిని నిలబెట్టింది, అంతే.

మన వైపు ఆమెకు పైపేర్లు ఎలా వచ్చాయో చూడాలంటే ఆలంపురం వెళ్లాలి. తుంగభద్ర ఒడ్డున, కృష్ణతో అది కలిసే చోటికి దగ్గర్లో, బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో నవబ్రహ్మ ఆలయాలు కట్టించారు. విజయాదిత్యుడి కాలపు 713 నాటి శాసనం అక్కడే ఉంది. చాళుక్యులు తమ శాసనాల్లో తమను సప్తమాతృకలు పెంచారనీ కార్తికేయుడు కాపాడాడనీ చెప్పుకున్నారు. మాతృకలు రక్తబీజుడితో పోరాడిన తల్లులు, కార్తికేయుడు దేవసేనాని. దండయాత్రల మీద బతికిన వంశం తల్లినీ కాపరినీ యుద్ధభూమి నుంచే ఎంచుకుంది. ఆలంపురం శిల్పాల్లో మహిషాసురమర్దిని నిబ్బరంగా నిలబడి దున్నను అణుస్తుంది. ఆ ముఖంలో కోపం కనిపించదు. రాజు తన గెలుపును చూసుకోవాలనుకున్న తీరు అది.

అదే ఊళ్లో జోగులాంబ ఉంది. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటిగా లెక్కించే ఈ తల్లి శవం మీద కూర్చుంటుంది. ఆమె జుట్టులో తేలు, కప్ప, బల్లి ఉంటాయి. మహిషాసురమర్దినిలోని నిబ్బరం ఇక్కడ లేదు. ఈమెను చూస్తే భయం వేయాలని శిల్పి కోరుకున్నాడు. 1390 ప్రాంతంలో బహమనీ సేనల దాడిలో పాత గుడి పోయిందనీ, విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరాలయంలో దాచారనీ ఆలంపురంవాళ్లు చెబుతారు. శతాబ్దాల పాటు అమ్మ అక్కడే పూజలందుకుంది. 2005లో పాత చోటనే కొత్త గుడి లేచింది. 2016లో మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు ఆమె పేరే ఒక జిల్లాకు పెట్టారు.

ఈ ఊళ్లోనే మూడో తల్లి కూడా ఉంది. తల ఉండాల్సిన చోట తామరపువ్వుతో, కాళ్లు ఎడంగా మడిచి పడుకున్న శిల్పం. పండితులు లజ్జాగౌరి అన్నారు. పిల్లలు కావాలని మొక్కుకునే ఆడవాళ్లు మాత్రం ఆమెను రేణుక ఎల్లమ్మ అన్నారు. తల తెగిన తల్లి ఇంకెవరై ఉంటుంది? నాగార్జునకొండలో దొరికిన ఇలాంటి శిల్పం మీద ఇక్ష్వాకు రాజు ఎహువుల చాంతమూలుడి రాణి ఖండువుల పేరు చెక్కి ఉంది. అంటే చాళుక్యులకంటే ముందే, సామాన్యులతో పాటు రాణి కూడా ఈ తల్లికి మొక్కింది. పైపేరూ కిందిపేరూ వేర్వేరు మనుషులవి అనుకుంటాం గానీ, మొక్కు మాత్రం చాలాసార్లు ఒకటే.

మహిషాసురమర్దిని పల్లెకు వచ్చేసరికి మైసమ్మ అయింది. పేరులోని మహిషం అలాగే ఉంది. గుడి మాత్రం మారిపోయింది. కోట గుమ్మంలో కోటమైసమ్మ, చెరువు గట్టు మీద కట్టమైసమ్మ. హైదరాబాదు నుంచి శ్రీశైలం దారిలో, కడ్తాల్ దాటాక, పాత పాలమూరు జిల్లాలోని మైసిగండి మైసమ్మ ముందు లారీలు ఆపి టెంకాయ కొట్టడం చూస్తాం. కోట, కట్ట, అడవిదారి: ఎక్కడ ప్రమాదం లోపలికి రావచ్చో అక్కడ ఆమె నిలబడింది. కట్ట తెగితే ఊరే కొట్టుకుపోయే మెట్టప్రాంతంలో చెరువుకు కావలి పెట్టడం కోటకు కావలి పెట్టడం కంటే చిన్న విషయం కాదు. బెల్లోనాను ఎల్ల అవతల ఎందుకు పెట్టారో కట్టమైసమ్మకు బోనం ఎత్తే ఆడబిడ్డకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇక కుడుపు సంగతికి వద్దాం. ఊరి దేవతకు దున్నపోతును కోసి, తల తీసి అమ్మ ముందు పెట్టేవారు. దాని ముందరికాలు నరికి నోట్లో పెట్టి, తల మీద దీపం వెలిగించేవారు. నెత్తురు కలిపిన అన్నాన్ని గంపకెత్తుకుని, పొలి పొలి అని కేకలు వేస్తూ, పొలిమేర పొడుగునా చల్లుకుంటూ పోయేవారు. పక్క ఊరివాళ్లు ఆ రాత్రి తమ పొలిమేరలో కాపలా కాసేవారు. ఆ అన్నంలో కాస్త తమ నేల మీద పడినా, ఇక్కడినుంచి ఎత్తుకుపోయినా, ఒక ఊరి అదృష్టం ఇంకో ఊరికి పోతుందని భయం. దీనికోసం కర్రలు లేచిన రాత్రులూ ఉన్నాయి. తెలుగుదేశంలో పనిచేసిన అమెరికన్ మిషనరీ ఎల్మోర్ 1915లో అచ్చయిన తన పుస్తకంలో, కాలు నోట్లో పెట్టడం ఓడిన శత్రువుకు చేసే అవమానం లాంటిదని వాదించాడు. ఆయన చెప్పినవన్నీ నేను అంగీకరించను. ఈ ఒక్క మాట మాత్రం జల్లిపల్లిని తలుచుకుంటే కాదనలేం. నెత్తురు, అన్నం, పొలిమేర, శత్రువు: రణంకుడుపులోని సరుకంతా పొలిగంపలో ఉంది. రాచకొండ రాజ్యం పదిహేనో శతాబ్దంలో పోయింది. దొరలు యుద్ధాలు మానేశాక అమ్మకు తిండి పెట్టే బాధ్యత ఊరి మీద పడింది.

ఆ బాధ్యత ఊళ్లో అందరి మీదా ఒకేలా పడలేదు. రేచర్లవారి మూలకథ వినండి. ఆమనగల్లు ప్రాంతంలో చెవిరెడ్డి అనే రైతుకు మర్రిచెట్టు దగ్గర నిధి కనబడింది. దాన్ని కాస్తున్న బేతాళుడు నరబలి అడిగాడు. చెవిరెడ్డి దగ్గర పనిచేసే మాల రేచడు తాను బలి అవుతానన్నాడు. అందుకు ప్రతిగా మీ వంశానికి నా పేరు పెట్టుకోండి, మీ ఇంట పెళ్లి జరిగేటప్పుడు ముందు మావాళ్ల పెళ్లి జరిపించండి అని అడిగాడట. అలా రేచర్ల అనే పేరు వచ్చిందని వాళ్లే చెప్పుకున్నారు. ఇది కథే. కానీ రాజ్యం నిలబడడానికి మొదట చచ్చింది ఎవరో ఆ వంశం మరచిపోలేదు, దాచనూ లేదు.

ఎల్లమ్మ పేరు మీద ఆడపిల్లలు మోసిన బరువును మాత్రం ఏ వంశావళీ రాయలేదు. పాలమూరు జిల్లాలో, ముఖ్యంగా కర్ణాటక సరిహద్దున ఉన్న నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు, మాదిగ, మాల ఇళ్లలోని చిన్నపిల్లలను ఎల్లమ్మకు, పోతరాజుకు కట్టబెట్టి జోగినీలను చేశారు. ఇంట్లో జబ్బు, చచ్చిపోయే పశువులు, మగపిల్లలు లేకపోవడం లాంటి కారణం ఏదో ఒకటి చెప్పేవారు. దేవుడితో పెళ్లయిన పిల్లను ఊరి పెద్దలు అనుభవించారు. కొమానా గుడికి అంకితమైన బానిసలు, ఆడామగా కలిసి, తాను అక్కడున్నప్పుడు ఆరు వేల మందికి పైగా ఉన్నారని స్ట్రాబో రాశాడు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఊట్కూరు గుర్తొచ్చింది. దేవత రౌద్రం ఎంత పెద్దదో, ఆ రౌద్రాన్ని చూపించి కొందరు దోచుకున్నదీ అంత పెద్దది. ఏకవీరను ఎంతగా పొగిడినా ఈ సంగతిని పక్కన పెట్టి రాయడం అన్యాయం.

1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ అంకిత నిషేధ చట్టం తెచ్చింది. జోగిని, బసివి, మాతంగి వంటి పేర్లతో జరిగే అంకితాలన్నీ దాని కిందికి వచ్చాయి. చట్టం వచ్చాకా పాలమూరులో పట్టం కట్టడాలు కొన్ని దొంగచాటుగా సాగాయి. వాటిని ఆపడానికి జోగినీలే సంఘాలు కట్టి ఊరూరా తిరిగారు. పొద్దుపోయేదాకా గుడి దగ్గర కాపలా ఉండి పెళ్లి తంతును చెదరగొట్టిన ఆడవాళ్లున్నారు. తమ బతుకు ఎలా పోయిందో తెలిసినవాళ్లే ముందు నిలబడ్డారు. ఈ పోరాటం వీరగాథ కాదని ఎవరైనా అంటే నేను వాదిస్తాను.

జోగినీల పిల్లల ఇబ్బందుల మీద ప్రభుత్వం వి. రఘునాథరావుతో ఏకసభ్య కమిషన్ వేసింది. బడిలో చేర్చేటప్పుడు, కులం సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు, తండ్రి పేరు అన్న గడి దగ్గర ఆ పిల్లలు ఆగిపోయేవారు. కొందరు తల్లులు పోతరాజు పేరు చెప్పారు, కొందరు ఎల్లమ్మ పేరే చెప్పారు. గుమాస్తాలు ఒప్పుకోలేదు. ఆ గడిలో తల్లి పేరు రాస్తే చాలన్నది ఆ పిల్లల మొదటి కోరికల్లో ఒకటి.

వచ్చే భాగంలో దేవరకొండ కోట, దాన్ని కట్టిన మాదానాయకుడి సంతతి.